చక్రం కింద నిమ్మకాయ

ఇవాళ జరిగింది ఈ సాయంత్రమే రాసి మన విమానాల షెడ్డు నోటీసు బోర్డుకి అంటిస్తున్నాను.

దసరా పూజ చేసి, ఆరుబయట కట్టేసి ఉన్న చిన్న విమానాన్ని జీపుతో షెడ్డులోకి లాగాలనుకున్నాం. తాళ్లు విప్పాం. జీపుకి తగిలించేదాకా చక్రాలకు అడ్డంగా చెక్కదిమ్మలు ఉండాలి. సీట్లో ఒకరు బ్రేకు తొక్కి కూర్చోవాలి. ఆ ఒకరు నేనే. కొబ్బరికాయ కొట్టిన చప్పుడు వినగానే ప్రసాదానికి దిగాను.

మెకానిక్ సదానందం అన్న చక్రం ముందు మోకాళ్ల మీద కూర్చుని, దిమ్మలు తీసి, హన్మకొండ చౌరస్తాలో కొన్న నిమ్మకాయలు పెట్టాడు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి గాలి కొట్టింది. నిమ్మకాయ ఫట్‌మని చితికింది. విమానం అన్న మీదికి కదిలింది. జీపు డ్రైవర్ ఖాదర్ మామ ఒక్క దూకు దూకి దిమ్మను చక్రం ముందుకి తన్నాడు. అన్న మోకాలికి నాలుగు వేళ్ల దూరంలో చక్రం ఆగింది.

“దిమ్మ ఎందుకు తీసినవే?” అన్నాడు మామ.

“తియ్యకుంటె నిమ్మకాయ యాడ వెట్టాలె మామా?” అన్నాడు అన్న. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“మరి సీట్ల ఎవలున్నరు?”

నా నోట్లో కొబ్బరిముక్క ఉంది.

ఇలా సీటు వదిలి దిగినవాళ్లు మనలో ఇంకెవరైనా ఉంటే, కింద పేరు రాయండి. మొదటి పేరు నాదే రాశాను.