తివాచీ కింద ప్రసాదం

నచ్ఛత్తర్ సింగ్‌కి పెళ్లంటే రోత. వధూవరుల మీద ఆయనకేం కోపం లేదు, వాళ్లు పాపం ఎప్పుడూ తలొంచుకునే కూర్చుంటారు. ఆయన రోతంతా పెళ్లికొచ్చే జనం మీద. పంజాబు మోగా జిల్లా కోట్ సాధా గురుద్వారాలో ముప్పై ఒక్కేళ్లుగా కడా ప్రసాదం వండుతున్నవాడు ఆయనే కాబట్టి, ఆ రోతకి ఆయనకి పూర్తి హక్కుంది.

పూర్వం కోత మిషను నడిపేవాడు. ఒక వైశాఖంలో మిషను బెల్టు ఎడమచేతి రెండు వేళ్లు పట్టుకుపోయింది. ఆర్నెల్లు మంచమ్మీద పడుకుని, కనబడినవాళ్లనల్లా తిట్టుకుంటూ గడిపాడు. అప్పుడు ప్రసాదం వండే ముసలాయన వచ్చి, "తెడ్డు తిప్పడానికి ఎనిమిది వేళ్లు చాలవుట్రా?" అని లాక్కుపోయాడు. ఆ తెడ్డు ఇక వదల్లేదు. గోధుమపిండీ, నెయ్యీ, చక్కెరా సమానంగా తూచి, జపం చేసుకుంటూ, పిండి ఎర్రబడి కమ్మటి వాసన వచ్చేదాకా తిప్పుతాడు. పొయ్యి దగ్గర ఎవరైనా ఊరి కబుర్లు మొదలెడితే తెడ్డు చూపించి తరిమేస్తాడు.

అంత నిష్ఠగా వండింది పెళ్లిళ్లలో ఎవరి పాలవుతుందో చూస్తే ఆయనకి ఒళ్లు మండేది. తొమ్మిదింటికి రమ్మంటే పదకొండింటికి వస్తారు. బయట పకోడీలు మెక్కి, ఆ జిడ్డు చేతులతోనే గుమ్మం దగ్గర బుట్టలోని కాషాయ రుమాళ్లు కెలికి, మాసినదీ ముడతలదీ అని ఏరుకుంటారు. నెత్తిన కట్టుకున్న రుమాలు రెండో నిమిషానికి మెడ మీదికి జారుతుంది. లోపల గోడకి చేరగిలబడి, గురు గ్రంథ్ సాహిబ్ వైపు కాళ్లు బారజాపుతారు. అర్దాస్ ప్రార్థనకి అందరూ లేచి చేతులు జోడిస్తే, వీళ్లు ఒక చేత్తో ఫోను పట్టుకుని రెండో చేత్తో దణ్ణం పెడతారు. పెళ్లి కీర్తనలైన నాలుగు లావాలూ చదవడం పూర్తి కాకముందే సగంమంది భోజనాల హాలుకి జారుకుంటారు. ఇవన్నీ ఆయన పళ్లు నూరుకుంటూ భరించాడు.

భరించలేకపోయింది ఒక్కటే. నిరుడు మాఘంలో ఒక పెళ్లయ్యాక తివాచీలు దులుపుతుంటే అంచు కింద నుంచి కాగితం రుమాళ్ల ఉండలు దొర్లాయి. విప్పితే ప్రసాదం. ఒకదానిలో ఎవరో నమిలి ఉమ్మినదీ ఉంది. మొత్తం పదకొండు. నచ్ఛత్తర్ సింగ్ వాటిని ఒక్కొక్కటే ఏరి భుజం మీది తువాల్లో కట్టాడు. నెయ్యి పడదనుకో, చక్కెర జబ్బనుకో, వేలెడంత పుచ్చుకో, ఎవరు కాదన్నారు? చేతులు జాపి తీసుకుని, కళ్లకద్దుకుని, తీరా కూర్చున్నచోట తివాచీ కింద కుక్కుతారా?

ఆ సాయంత్రమే కమిటీ కార్యదర్శి దర్బారా సింగ్ ముందు ఆ పదకొండు ఉండలూ వరసగా పెట్టాడు.

"చాచా, బల్ల మీద పెట్టకు, కాగితాలకి నెయ్యంటుతుంది," అన్నాడు దర్బారా సింగ్.

"అంటనీ. నీ కాగితాలకి అంటితేనే నీకు బాధ తెలిసేది."

"ఏం చెయ్యమంటావు? చుట్టాలు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఒక్కొక్కళ్ల నోరు తెరిచి చూస్తామా?"

"చుట్టాల్ని పిలిచిందెవరు? మన ఊరివాళ్లే కదా. తివాచీ కింద ఒక్క ఉండ దొరికినా, పెళ్లి చేసిన ఇంటి పేరు మైకులో చదువు. ఆ ఇంటివాళ్లొకరు పొద్దుగూకేదాకా చెప్పుల గదిలో కూర్చుని వచ్చినవాళ్ల చెప్పులు తుడవాలి. అలా కాదంటే తెడ్డు ఇదిగో, నువ్వే వండుకో."

తెడ్డు పట్టేవాడు మరొకడు దొరకడు కాబట్టి కమిటీ ఒప్పుకుంది. చైత్రంలో బచింత్ సింగ్ ఇంటి పెళ్లిలో రెండు ఉండలు దొరికాయి. పేరు చదివారు. బచింత్ సింగ్ ముసలి భార్య చెప్పుల గదిలో కూర్చుని, ఓణీతో కళ్లొత్తుకుంటూ సాయంత్రందాకా చెప్పులు తుడిచింది. నచ్ఛత్తర్ సింగ్ గుమ్మంలో నిలబడి చూశాడు. ఆమె ఒక్కసారి తలెత్తి, "మా ఇంట్లో ఎవరూ పారెయ్యలేదు భాయీ, నీకూ తెలుసు," అంది. ఆ రాత్రి ఆయనకి హాయిగా నిద్ర పట్టింది.

కార్తీకంలో ఆయన ఇంట్లోనే పెళ్లి వచ్చింది. కూతురు వీర్‌పాల్ కౌర్ ఇరవై రెండేళ్ల కిందట మొగుణ్ని పోగొట్టుకుని, ఏడాది పిల్లతో పుట్టింటికి వచ్చేసింది. ఆ పిల్ల హుసన్‌ప్రీత్‌కి ఇప్పుడు జగ్రావ్ నుంచి పెద్ద సంబంధం కుదిరింది. కుర్రాడికి సొంత ట్రాక్టర్ల షోరూము. వీర్‌పాల్ మూడు నెలలుగా నిద్రపోలేదు. పెళ్లికి నాలుగు రోజుల ముందు తండ్రి దగ్గరికొచ్చింది.

"బాపూ, జగ్రావ్ వాళ్ల ముందు నోరు జారకు. రుమాలు జారిందనీ, కాళ్లు జాపారనీ ఎవరి మీదా విరుచుకుపడకు. నాకున్నది ఒక్కగానొక్క పిల్ల."

"నేనెందుకు విరుచుకుపడతాను? వాళ్లు మనుషుల్లా కూర్చుంటే చాలు."

"ఇదిగో, ఇదే వద్దంటున్నాను."

సరేనన్నాడు. మనవరాలి బతుకు బాగుండాలని ఆయనకి మాత్రం ఉండదా?

పెళ్లినాడు తెల్లవారకముందే లేచి, తలారా స్నానం చేసి తెడ్డు పట్టాడు. పెళ్లివారు పదకొండూ పావుకి దిగారు. పెళ్లికొడుకు పినతండ్రి హర్నేక్ సింగ్ ఇరువైపుల పెద్దలూ దండలు మార్చుకునేటప్పుడు నచ్ఛత్తర్ సింగ్‌ని చంకల కింద పట్టి అమాంతం గాల్లోకి ఎత్తాడు. అలా ఎత్తడం వేడుకే. కానీ ఆ నోట్లోంచి యాలకుల వాసనా, దాని వెనకనుంచి విస్కీ వాసనా ఒక్కసారి మొహాన కొట్టాయి. పొద్దున్నే తాగి గురువు దర్బారుకొచ్చాడు వెధవ. నచ్ఛత్తర్ సింగ్ ఊపిరి బిగబట్టి, "సంతోషం, సంతోషం," అన్నాడు. కూతురికిచ్చిన మాట కోసం ఆ రోజు ఆయన మింగిన మొదటి రోత అది.

తండ్రి లేని పిల్ల కాబట్టి పెళ్లికొడుకు భుజాన ఉన్న ఉత్తరీయం కొంగు మనవరాలి చేతికి తనే అందించాడు. గ్రంథం చదివే గ్రంథి ఒక్కో లావా చదువుతుంటే పిల్ల ఒక్కో ప్రదక్షిణ చేసింది. ఆయనకి కళ్లు చెమర్చాయి. అదే సమయంలో వెనక నుంచి ఎవరిదో ఫోను భాంగ్రా పాట పాడింది.

అర్దాస్ అయ్యాక ప్రసాదం గిన్నె ఎత్తాడు. "నువ్వు పెళ్లిపెద్దవి చాచా, ఇవాళైనా గిన్నె మాకివ్వు," అన్నాడు దర్బారా సింగ్. ఇవ్వలేదు. వరస వెంట వంగి వంగి, చాచిన ప్రతి దోసిట్లోనూ సమానంగా పెట్టాడు. హర్నేక్ సింగ్ ఒక్క చెయ్యి జాపితే, రెండో చెయ్యీ జాపేదాకా కదలకుండా నిలబడ్డాడు. ముందు వరసలో, పెళ్లికూతురి వెనకే వీర్‌పాల్ ఉంది. లేత గులాబీ పట్టు బట్టలు, పెదాలకి అదే రంగు. దోసిలి పట్టింది, పెట్టాడు.

వరస చివర తిరిగేసరికి ఆ మూల నుంచి ముందు వరస మళ్లీ కనబడింది. ఫోటోగ్రాఫరు వీర్‌పాల్‌ని రమ్మని చెయ్యూపుతున్నాడు. చేతినిండా నెయ్యి, ఒంటిమీద పట్టు. ఆమె సంచీలోంచి కాగితం రుమాలు తీసింది. అరచేతిలోది అందులో వేసింది. దాంతోనే మూతి తుడుచుకుంది, ఉండ చుట్టింది, అటూ ఇటూ చూసి, తివాచీ అంచు ఎత్తి లోపలికి తోసింది. లేచి నవ్వుతూ ఫోటోకి వెళ్లింది.

నచ్ఛత్తర్ సింగ్ చేతిలో గిన్నె ఒరిగింది. మూడేళ్ల వయసులో వీర్‌పాల్‌కి దోసిలి పట్టడం నేర్పింది తనే. కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద, ఒక్క పిసరు కూడా జారకూడదని చెప్పాడు. జగ్రావ్ నుంచి వచ్చిన తాగుబోతు సైతం ఆ రోజు పెట్టింది పెట్టినట్లు తిన్నాడు. తన పిల్ల తినలేదు.

జనం లంగరు భోజనాలకి కదిలాక వెళ్లి ఆ ఉండ తీశాడు. కాగితమంతా నెయ్యి, గులాబీ రంగు మరకలు, మధ్యలో నలిగిన ప్రసాదం. చీదర పుట్టింది, అంతకంటే ఎక్కువగా తన మీద తనకి చీదర పుట్టింది. బచింత్ సింగ్ భార్య మొహం కళ్లముందు ఆడింది. ఆమె చెప్పింది నిజమని ఆ రోజే తెలుసు. తెలిసి కూడా గుమ్మంలో నిలబడి చూశాడు.

దర్బారా సింగ్‌ని పక్కకి పిలిచి అరచెయ్యి విప్పాడు. దర్బారా సింగ్ చుట్టూ ఒకసారి చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు. "ఎవరూ చూడలేదు కదా చాచా. జేబులో వేసుకో. పిల్లని సాగనంపాక చూద్దాం."

"బచింత్ ఇంటి పెళ్లప్పుడు సాగనంపేదాకా ఆగామా?"

"అది వేరు. జగ్రావ్ వాళ్లు పొగరుమోతులు. అమ్మాయి తాత చెప్పుల గదిలో కూర్చుంటే అవమానమని లేచిపోతే? వీర్‌పాల్ మొహం చూడు ఒక్కసారి."

"చూశాను. నీకంటే ముందే చూశాను. నువ్వు చదువుతావా, నన్ను చదవమంటావా?"

దర్బారా సింగ్ కాళ్లీడ్చుకుంటూ వెళ్లి మైకు పట్టుకున్నాడు. "తివాచీ కింద ప్రసాదం దొరికింది. ఇంటి పేరు..." అని ఆగి, ఒకటికి రెండుసార్లు గొంతు సవరించుకుని, "నచ్ఛత్తర్ సింగ్ ఇల్లు," అన్నాడు. లంగరులో పప్పు వడ్డిస్తున్న చేతులు ఆగిపోయాయి. బచింత్ సింగ్ భార్య రొట్టె తుంచుతున్నదల్లా తలెత్తింది, మళ్లీ దించుకుంది.

తిని బయటికొచ్చిన పెళ్లివారికి చెప్పుల గదిలో పెళ్లికూతురి తాత కనబడ్డాడు. నేల మీద బాసింపట్టు వేసుకుని, భుజాన ఉన్న తువాలుతో ఒక్కో జోడూ తుడుస్తున్నాడు.

"ఏమిటిది బాబాజీ!" హర్నేక్ సింగ్ అరిచాడు. "పిల్లనిచ్చిన పెద్దమనిషి మా చెప్పులు తుడవడమా? మేం అడిగామా? మమ్మల్ని అవమానించడానికి కాకపోతే ఎందుకిది?"

"మీ చెప్పులని కాదు, వచ్చినవాళ్లందరివీ తుడుస్తున్నాను. మీవి ఏవో చెప్పండి, ముందు ఇచ్చేస్తాను."

హర్నేక్ సింగ్ ఇంకా ఏదో అనబోయాడు. పెళ్లికొడుకు తల్లి అతని మోచెయ్యి పట్టుకుని, "విస్కీ వాసన ఇక్కడిదాకా వస్తోంది, నోరు మూసుకుని నడువు," అంది. తన చెప్పులు వేసుకోకుండా చేతపట్టుకుని, ముసలాయనకి తల వంచి వెళ్లింది. పెళ్లి చెడలేదు.

పెళ్లివారు వెళ్లాక, ఊరివాళ్లింకా లంగరులోనే ఉండగా, వీర్‌పాల్ వచ్చింది. పట్టుబట్టలతోనే చెప్పుల మధ్య చతికిలబడింది. ఏడ్చి ఏడ్చి పెదాల రంగు పోయింది.

"నోరు జారనన్నావు. అందరి ముందూ నా తల కొట్టేసినంత పని చేశావు."

"నీ పేరు చెప్పలేదు. నా పేరే కదా చదివారు."

"చెప్పకపోతే నాకు తెలీదా? ఒక్క క్షణం బాపూ. బట్టలు పాడవుతాయనుకున్నాను. అంతే."

ఆయన ఒక బూటు తుడిచి పక్కన పెట్టి, ఇంకోటి అందుకున్నాడు. వీర్‌పాల్ ఓణీ తలమీదికి లాక్కుని, కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద పెట్టి దోసిలి పట్టింది.

"ఇలా ఇవ్వు. తినేస్తాను."

"లేదు."

"పారేశావా?"

"పారేసేవాణ్నయితే ఇక్కడెందుకు కూర్చుంటాను? నేనే తిన్నాను."

వీర్‌పాల్ కళ్లు పెద్దవయ్యాయి. "నేను మూతి తుడుచుకున్న కాగితంలోదా?"

"ఆ. ఆ రంగు రుచి ఇంకా నాలిక మీద నుంచి పోలేదు. ఛీ." ఆయన పక్కకి తిరిగి ఉమ్మబోయి, ప్రసాదం తిన్న నోరని గుర్తొచ్చి మింగేశాడు.

ఆమె దోసిలి ఇంకా అలాగే చాచి ఉంది. హర్నేక్ సింగ్ మర్చిపోయి వెళ్లిన మేజోళ్లు నచ్ఛత్తర్ సింగ్ తీసి పక్కకి విసిరాడు. బురద కొట్టుకుపోయిన ఒక బూటు ఎత్తి ఆ దోసిట్లో పెట్టాడు.

"తుడువు," అన్నాడు. "పొద్దుగూకడానికి ఇంకా చాలా ఉంది."