ఫైళ్ళ మీది పేరు

కిరందుల్ గని ఆఫీసులో ఇనుపరాయిని రైలుకెత్తించే కంప్యూటర్ ప్రోగ్రాములు మా సీనియరు రాసినవి. ఏ మార్పైనా నల్లటి తెర మీద ఒక్క వరుస కమాండ్‌తోనే చేసేవారు. టైపు చేశాక చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఆ వరుసను పైకి చదివేవారు. "నొక్కీసేక వెనక్కి రాదు తల్లీ" అనేవారు. ఆ తర్వాతే ఎంటర్.

రిటైరైన రోజున, ప్రతి ఫైలు మొదట్లోనూ ఉన్న తన పేరు తీసేసి నా పేరు పెట్టే కమాండ్ టైపు చేశారు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. ఈసారి చదవలేదు.

"నువ్వే నొక్కీమ్మా."

నొక్కాను.

నిన్న ఆయన పోయారని శ్రీకాకుళం నుంచి ఫోనొచ్చింది. ఆయన పేరు టైపు చేసి ఫైళ్ళన్నీ వెతికించాను. తెర మీద ఏమీ రాలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. క్యాంటీన్ గంట కొట్టారు. వెళ్ళి తిన్నాను.