బెల్టు లేనోనికి వాటా లేదు

కతర్ ఇండస్ట్రియల్ ఏరియాలో మా క్యాంపు పద్నాలుగో నంబరు గదిలో ఉండే రాజనర్సు కాక, ఫోనులో క్రికెట్ టీము కట్టి ముప్పై ఎనిమిది లక్షలు గెలిచాడనీ, ఆ యాప్ వాళ్ళు ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదనీ ఒక పుకారు ఉంది. ఇది నిజమో కాదో ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. తేలేదాకా ఆగడం నాకు చేతకాదు కాబట్టి నాలుగు వందల మందికి చెప్పాను. మా క్యాంపులో ఉన్నదే మూడు వందల యాభై మంది. మిగిలిన యాభై మందికి పక్క క్యాంపు గోడ మీదినుంచి చెప్పాను.

కాకకు తాగుడు లేదు, పేకాట లేదు, బీడీ కూడా మానేశాడు. ఉన్నది ఒక్కటే అలవాటు. రాని పైసలు పంచుతాడు.

సాయంత్రం డ్యూటీ దిగి, స్నానం చేసి, పళ్ళెంలో పప్పూ అన్నం పెట్టుకుని మంచం మీద కూర్చోగానే పంపకం మొదలవుతుంది. నాకు మోటారు సైకిల్ ఇచ్చాడు. మా గదిలోనే ఉండే నర్సింగ్‌కు ఆటో ఇచ్చాడు. మా కంపెనీ బస్సు నడిపే బోధన్ ఫరీదుద్దీన్ భాయ్ వాళ్ళ అమ్మ ఖాసింబీకి మక్కాకు ఉమ్రా యాత్ర ఇచ్చాడు, అక్కడ నడవడానికి మెత్తటి చెప్పులతో సహా. క్యాంపు మంగలికి గుండ్రంగా తిరిగే కుర్చీ ఇచ్చాడు. నేను ఒకరోజు వేళ్ళు మడిచి చూస్తే ఆ ముప్పై ఎనిమిది లక్షలు ఎప్పుడో అయిపోయాయి. కాక అప్పటికే నాలుగో చుట్టులో ఉన్నాడు. ఆ మాటే అంటే, "వచ్చేటప్పుడు మిత్తితోని వస్తయి తియ్యి" అని చెయ్యి కడుక్కున్నాడు.

క్యాంపు మొత్తం ఆయన్ని పెండింగ్ కాక అంటుంది. కిరాణా కొట్టువాడు ఉల్లిగడ్డలు తూచి, నగదు ఇస్తావా పెండింగ్ ఇస్తావా అని అడుగుతాడు. ఊళ్ళో భూమవ్వ చిన్నమ్మ, అంటే కాక భార్య, దుబాయ్‌ల లక్షలు గెలిచి ఎవతికి పెట్టినవ్ అని ఫోనులో తిడుతుంది. ఇరవై రెండేళ్ళనుంచి కాక ఉన్నది కతర్ అని ఆమెకు ఇంకా ఎక్కలేదు. కాక అన్నీ విని, ఆమెకు కూడా నాలుగు బంగారు గాజులు ఇచ్చాడు. ముందు ఈ నెల పైసలు పంపు అని ఆమె ఫోను పెట్టేసింది.

ఇంతకూ కాకకు క్రికెట్ రాదు. టీములో ఎంతమంది ఉంటారని ఒకసారి అడిగాను. కొంచెం సేపు ఆలోచించి పదిహేను మంది, హెల్పర్‌తో కలిపి, అన్నాడు. మా షట్టరింగ్ గ్యాంగులో ఉండేది అంతే. నేను దాన్ని కూడా ఆయన గొప్పతనం కిందనే ప్రచారం చేశాను. ఆట తెలియకుండానే గెలిచాడంటే, తెలిస్తే ఎంత గెలిచేవాడో అని.

పంపకానికి ఒకే ఒక్క షరతు ఉంది. మేము అల్ ముంతజాలో ఆరంతస్తుల బిల్డింగుకు స్లాబు చెక్కలు కొట్టే పనివాళ్ళం. మూరెడు పలక మీద నిలబడాలి. నడుముకు బెల్టు, బెల్టుకు తాడు, తాడు చివర కొక్కెం. ఆ కొక్కెం పైపుకు తగిలించుకోవాలి. ఎండకు, చెమటకు, మాటిమాటికీ తీసి పెట్టుకునే విసుగుకు, సగం మంది తగిలించుకోరు. సేఫ్టీ ఆఫీసరు రెండేళ్ళు పీపీ ఊది ఊది బుగ్గలు పెంచుకున్నాడు తప్ప ఎవరూ వినలేదు. కాక వచ్చి ఒక్క మాట అన్నాడు: "బెల్టు లేనోనికి వాటా లేదు."

అంతే. పొద్దున పైకి ఎక్కగానే కాక ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి కొక్కెం గుంజి చూసేవాడు. తగిలించకపోతే ఆ సాయంత్రం వాటా కట్. నర్సింగ్ ఆటో మూడుసార్లు కట్ అయింది. మూడోసారి దాన్ని నాకు రాసిచ్చాడు. లేని ఆటో కోసం నేనూ నర్సింగూ తొమ్మిది రోజులు మాట్లాడుకోలేదు. చివరికి ఫరీదుద్దీన్ భాయ్ బస్సు పక్కకు ఆపి మమ్మల్నిద్దర్నీ కిందికి దింపి పంచాయితీ చేశాడు. "రాని ఆటో కోసం కొట్లాడుడు ఏంది మియా. కాక ఇంకోటి ఇస్తడు తియ్యి. ఎక్కున్రి, యల్లా" అన్నాడు.

ఒక్క మనిషి కొక్కెం మాత్రం కాక పొద్దున ఒకసారి, నమాజు వేళకొకసారి, నీళ్ళు తాగినప్పుడల్లా ఒకసారి గుంజి చూసేవాడు. అది చిరంజీవిది. ముప్పై ఏళ్ళవాడు, మా గదిలోనే పై మంచం, మాట తక్కువ. కాకకు చదువు రాదు కాబట్టి యాప్ చిరంజీవి ఫోనులో ఉండేది, యాప్ వాళ్ళతో రాతకోతలన్నీ చిరంజీవే చేసేవాడు. సెక్రటరీ కదా, పడిపోతే పైసలు ఎవరు తెస్తారని ఈ జాగ్రత్త అనుకున్నాం.

యాప్ వాళ్ళ తరఫున జవాబు ఇచ్చేది ప్రియ. ప్రియ మనిషి కాదు, మిషను. ఏది అడిగినా మీ ఫిర్యాదు మాకు చాలా ముఖ్యం, ఇరవై నాలుగు గంటలు ఆగండి అంటుంది. ఈ సంగతి కాకకు చెప్పినా నమ్మడు. రోజూ ఏడింటికి చిరంజీవిని పక్కన కూర్చోబెట్టుకుని చెబుతాడు: "రాయి బిడ్డా. అమ్మా ప్రియా, తిన్నవా? డ్యూటీ ఎక్కువైందా? పానం మంచిగ చూస్కో. మా పైసల సంగతి జెర్ర చూడు." చిరంజీవి అది మొత్తం టైపు చేస్తాడు. ప్రియ, మీ ఫిర్యాదు మాకు చాలా ముఖ్యం అంటుంది. "చూసినవా, ఎంత మర్యాద పిల్ల" అని కాక మమ్మల్నందర్నీ చూస్తాడు. ఆరు నెలల్లో ప్రియకు కూడా రెండు తులాల గొలుసు ఇచ్చాడు.

ఒకరోజు నేను చిరంజీవి భుజం మీదినుంచి తొంగి చూశాను. తొంగి చూడకపోతే నాకు అన్నం అరగదు. ప్రియ రాసింది: ప్రియమైన మమత గారూ, మీ ఫిర్యాదు మాకు చాలా ముఖ్యం.

కాక భార్య భూమవ్వ. మమత చిరంజీవి భార్య. కాక పైసలు చిరంజీవి భార్య పేరు మీద ఎందుకున్నాయి? నా బుర్రలో ఒక్క నిమిషంలో ఒక పెద్ద రంకు కథ తయారైంది. నోట్లో రెండు రోజులు నానబెట్టుకున్నాను. శుక్రవారం సెలవు రోజు, బట్టలు ఉతికే తొట్ల దగ్గర అందరూ చేరాక విప్పుదామని సబ్బు పట్టుకుని బయల్దేరాను. అక్కడ చిరంజీవి ఒక్కడే ఉన్నాడు. నా మొహం చూడగానే వాడికి తెలిసిపోయింది.

"రేడియో," అన్నాడు. క్యాంపులో నా పేరు అదే. "నీకు తెలిస్తె అందరికి తెలుస్తది. అందరికి తెలిస్తె ఊరికి తెలుస్తది. అంతకంటె నేనే చెప్త, విను."

గెలిచింది వాడు.

ఊళ్ళో వాడి ఇంటికి గోడలు లేచాయి, పైన స్లాబు లేదు. నాలుగేళ్ళుగా ఇక్కడ పరాయివాళ్ళ స్లాబులకు చెక్కలు కొడుతూ, తన స్లాబుకు పైసలు కూడబెట్టాడు. అవి చాలక, మమత మెడలోది తాకట్టు పెట్టించి, ఒక్క ఆటకు లక్ష కట్టే పెద్ద పోటీల్లోకి దిగాడు. ఈ ఆట కతర్‌నుంచి ఆడకూడదు. అందుకని మమత పేరు మీద ఖాతా, ఊళ్ళో మమత చేతిలో సిమ్ము. ఆమె ఓటీపీ చదివి చెబితే ఇక్కడ వీడు ఆడేవాడు. మా క్యాంపులో ఇట్లా ఆడేవాళ్ళు గదికి ఇద్దరున్నారు. నాలుగుసార్లు ఓడి, ఐదోసారి ముప్పై ఎనిమిది లక్షలు గెలిచాడు. కాక ఒక్కడి చెవిలోనే చెప్పి, గదికి రెండు కిలోల లడ్డూలు తెచ్చి పంచాడు. ఊరికే అన్నాడు. మమత స్లాబుకు మేస్త్రీని మాట్లాడుకుంది.

వారానికి యాప్ వాళ్ళు రాశారు. మీరు మమత కాదు, మీరు ఉన్నది మన దేశం కాదు, కాబట్టి ఆపాము అని. లక్షలు కట్టించుకునేటప్పుడు వాళ్ళకు కతర్ కనబడలేదు. ఇచ్చేటప్పుడు కనబడింది. ఇక్కడ ఎవరికైనా చెబుదామంటే ఇది జూదం, ముందు మనల్నే లోపల వేస్తారు. మాఫీ ఫులూస్, పైసల్లేవు. కథ అయిపోయింది.

"అప్పట్నుంచి నేను కొక్కెం పెట్టలే" అన్నాడు చిరంజీవి, బట్ట పిండుతూ. "మూడు దినాలు. ఎవ్వలు చూడలేదనుకున్న. కాక చూసిండు."

కాక ఎందుకు చూశాడో నాకు తెలుసు. పోయిన ఎండాకాలం తొమ్మిదో గది మనిషి ఐదో అంతస్తునుంచి పడ్డాడు. ఎండదెబ్బ అని కాగితాల్లో రాశారు. పెట్టె ఊరికి పోయింది. ముందురోజు ఆ మనిషి కొక్కెం తగిలించుకోకపోవడం కాక చూసి, విసుగేమో అనుకుని ఊరుకున్నాడట. అప్పటినుంచి రెండు నెలలు ఆయన పప్పు ముట్టలేదు. అది కూడా నేనే క్యాంపంతా చెప్పాను, కడుపునొప్పి అని.

అప్పుడు నాకు లడ్డూల రోజులు గుర్తొచ్చాయి. చిరంజీవి లడ్డూలు ఎందుకు పంచాడో కనుక్కోవాలని నేను ఇంకా వాసన పట్టుకుని తిరుగుతుంటే, వాడు కొక్కెం మానేసిన ఆ వారంలోనే, కాక నన్ను తలుపు వెనక్కి పిలిచి, "అవి నా లడ్డూలు. నేనే గెలిచిన. ఎవ్వలకు చెప్పకు" అన్నాడు. గంటలో క్యాంపుకు తెలిసింది. ఎవ్వలకు చెప్పకు అనే మాటకు నా దగ్గర విలువ ఎంతో ఆయనకు తెలుసు. నా నోరు నేనే నడుపుతున్నాననుకున్నాను. స్టీరింగు ఆయన చేతిలో ఉంది.

ఆ శుక్రవారం సబ్బు పట్టుకుని వెనక్కి వచ్చేశాను. పదకొండు రోజులు నోరు మూసుకున్నాను. నాకు జ్వరం వచ్చిందనుకుని నర్సింగ్ మాత్రలు తెచ్చి ఇచ్చాడు. ఆటో కోపం వాడికి అప్పటికి పూర్తిగా పోయింది.

ఆ తర్వాత ఒకరోజు యాప్ తెరుచుకోలేదు. దుకాణం ఎత్తేశారు. పైసలూ లేవు, ప్రియా లేదు. చిరంజీవి ఫోను పట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. గదిలో ఎవరి ముద్ద వాళ్ళ చేతిలోనే ఆగింది. కాక పప్పు కలుపుకుంటూ, "ప్రియ కాన్పుకు తల్లిగారింటికి పోయింది. వచ్చినంక చూస్తది" అన్నాడు. తర్వాత నాకు మోటారు సైకిల్‌తో పాటు హెల్మెట్టు కూడా ఇచ్చాడు.

అప్పుడే తలుపు దగ్గరికి మా ఫోర్‌మన్ వచ్చాడు. కేరళ ఆయన, పన్నెండేళ్ళుగా మా మీద అరవడం తప్ప మరో పని తెలియనివాడు. గుమ్మంలో నిలబడి, చెప్పులు అటూ ఇటూ జరిపి, హిందీలో మెల్లగా అడిగాడు. అందరికీ ఇచ్చావట, డ్రైవరు తల్లికి కూడా ఇచ్చావట, నా పేరే లేదటగా అని. గొంతులో నిజంగానే బాధ ఉంది. కాక ఆయన్ని తలనుంచి కాళ్ళదాకా చూసి ఒక్కటే అడిగాడు: "నీ బెల్టు ఏది?"

మర్నాడు ఫోర్‌మన్ బెల్టు కట్టుకుని వచ్చాడు. ఆయన పొట్టకు అది సరిపోక రెండు బెల్టులు కలిపి కట్టుకున్నాడు. కొక్కెం తగిలించి, కాక చూస్తున్నాడా లేదా అని మెడ తిప్పి చూశాడు. పైనుంచి ఎవరో గట్టిగా నవ్వారు. తలెత్తి చూస్తే చిరంజీవి. పలక మీద కూలబడి, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వుతున్నాడు. ఆ గొంతు అంతెత్తున విని నాకు ఏడు నెలలయింది. వాడి కొక్కెం పైపుకు ఉంది. కాక ఆ రోజు దాన్ని గుంజి చూడలేదు.

స్లాబు ఇంకా పడలేదు. మమత మెడలోది ఇంకా తాకట్టులోనే ఉంది. ఇదంతా రాసుకో, కానీ కాకకు చదివి వినిపించాకే రాసుకో అన్నాడు చిరంజీవి. మొన్న శుక్రవారం కాక మంచం మీద కూర్చుని చొక్కాకు గుండీ కుట్టుకుంటుంటే మొదటినుంచీ చదివాను. సూది ఆపకుండా మొత్తం విన్నాడు.

"అంత అబద్ధం," అన్నాడు. "నేను ఎవ్వని కొక్కెం చూడలే. ఆ చిరంజీవి ఎవ్వడో నాకు తెల్వనే తెల్వది."

చిరంజీవి ఆయన పక్కనే కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్నాడు.

"లడ్డూలు నావి. టీము నాది. పైసలు నావి, పెండింగ్‌ల ఉన్నయి. రేపో మాపో పడ్తయి."

"సరే కాకా, అయితే టీముల ఎంతమంది ఉంటరు?"

"పదిహేను, హెల్పర్‌తోని కలిపి" అని దారం పంటితో తెంపాడు. "ఇంకొక్క మాట రాసినవంటె నీ మోటార్ సైకిల్ నర్సింగ్‌కు పోతది."