హీరోను తిట్టిన అత్త

ఎమ్మిగనూరులో మా ఎదురింటి అత్త మగ్గం నేస్తుంటే, నేను పక్కన కూర్చుని ఫోన్లో నవల చదివి వినిపించేదాన్ని. మారుమూల కొండ ఊళ్లో ఒక ప్రేమకథ, దాని మధ్యలో ఓ హత్య. అత్తకు మొదటినుంచీ హీరో మీదే అనుమానం.

"వాడే సంపినాడు. నమ్మొద్దు తల్లీ!" అని హీరోయిన్‌ను హెచ్చరించేది.

ఆ పిల్ల ఒంటరిగా పాడుబడిన బంగళాలోకి అడుగుపెట్టగానే మగ్గం ఆపి, "లోపలికి పోవద్దే!" అని అరిచింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు.

"ఏమైందక్కా?"

సంగతి తెలిశాక నవ్వుకుంటూ వాళ్లూ కథ వినడానికి కూర్చున్నారు.

చివరికి చంపింది వేరొకడని తేలింది. హీరోయిన్‌ను కాపాడింది హీరోనే. అత్త నా ఫోనుకు చేతులు జోడించింది.

"తప్పయిందప్పా, ఊరికే తిట్టినాను."

అందరూ పకపకా నవ్వుతుంటే నావైపు తిరిగింది.

"మొదటినుంచీ సదువు పాపా. ఈతూరి అల్లుని మర్యాదగా సూసుకుంటా."