మిరపకాయలు వేయించి చూసిన చిమ్నీ

అల్లూరులో వంటగది చిమ్నీలు బిగించే, మేమంతా అన్నా అని పిలిచే ఆయన మొన్న సోమవారం ఉదయం గుండెపోటుతో చనిపోయారు. మా అమ్మే ఫోన్ చేసి చెప్పింది. "నా వంటిల్లు నాకిచ్చిన మనిషి అబ్బయా" అంది. ఆ మాట ఎంత నిజమో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అమ్మకు ఉబ్బసం. మూడేళ్ల కిందట డాక్టరు పొయ్యి దగ్గరికి వెళ్లొద్దన్నారు. నలభై ఏళ్లు వండిన మనిషి హాల్లో కూర్చుని నాన్న చేసింది తినాల్సి వచ్చింది. ఆమెకు దగ్గొస్తుందని ఆయన పోపు పెట్టడమే మానేశారు. సగం తిని లేచేది. ఏడాదిన్నర అలా గడిచాక చిమ్నీ కొన్నాం.

దుకాణంలో దాని కింద కాగితం పెడితే టక్కున అతుక్కుంది. ఆ సంగతి అన్నకు గొప్పగా చెప్పాను.

"కాగితానికి ఘాటుంటాదా సార్?" అని నవ్వారు.

ఆయన పరీక్ష వేరు. ఉదయమే బిగించినా, మధ్యాహ్నం సముద్రం గాలి మొదలయ్యాక మళ్లీ వచ్చేవారు. "పొద్దున ఏ చిమ్నీ అయినా లాగతాది. గాలి తిరిగినాక లాగాల" అనేవారు. కాగిన నూనెలో గుప్పెడు ఎండుమిరపకాయలు వేసి, ఆ ఇంట్లో అందరికంటే ముందు తుమ్మే మనిషిని హాల్లో కూర్చోబెట్టేవారు. తీర్పు ఆ ముక్కుదే. కోవూరులో ఒక ఇంట్లో అత్తాకోడళ్లు నేనంటే నేనని పోటీ పడితే ఇద్దరికీ కుర్చీలు వేయించారట.

మా ఇంట్లో ఆ కుర్చీ తనదేనంది అమ్మ. ఆయన ఒప్పుకోలేదు. "నువ్వు ఆఖర్న పెద్దమ్మా" అని ఆమెను పక్కింటికి పంపి, నాన్నను కూర్చోబెట్టారు. నాన్న నాలుగుసార్లు తుమ్మారు. నేను దుకాణాన్ని తిట్టబోతుంటే అన్న ఒక అగరుబత్తి వెలిగించి పొయ్యి మీద పట్టుకున్నారు. పొగ పైకి పోలేదు. హాలు వైపు వాలింది.

"కిటికీ ఎవురు తెరిచినారు?"

"నేనే. పొగ పోవాలని" అన్నాను.

"పోవడంలా సార్. ఆ గాలే పొగని ఇంట్లోకి తోస్తుండాది."

పొయ్యి పక్క కిటికీ మూసి, పెరటి తలుపు ఓరగా తెరిచారు. చిమ్నీని జానెడు కిందికి దించారు. ఈసారి అగరుబత్తి పొగ నిటారుగా లేచింది. మిరపకాయలు మళ్లీ వేశారు. నాన్న తుమ్మలేదు.

అప్పుడు అమ్మను పిలిచారు. గుమ్మంలో నిలబడి రెండుసార్లు గాలి పీల్చి చూసింది.

"మిరపకాయలు వేసినావా, ఊరికే స్టవ్ వెలిగించినావా?"

"వేసినా పెద్దమ్మా. నమ్మకపోతే లోపలికొచ్చి చూడు."

వెళ్లింది. ఆమెకు దగ్గు రాలేదు.

"మాడతుండాయి, జరుగు జరుగు" అని ఆయన చేతిలోని గరిటె లాక్కుంది. తర్వాత నాన్నను ఎండు రొయ్యలు అడిగింది.

ఈ సందడిలో అన్న కనబడలేదు. బయటికి వెళ్లి చూస్తే సందులో, గోడలోంచి వచ్చిన చిమ్నీ గొట్టం కింద తల పైకెత్తి నిలబడి ఉన్నారు. ముక్కు ఎర్రబడింది, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. సైకిల్ మీద పోతున్న ఒకాయన తుమ్మి, కాలు ఆనించి ఆగాడు.

"ఏందన్నా ఈ ఘాటు?"

అన్న కళ్లు తుడుచుకోకుండానే నవ్వారు.

"పెద్దమ్మ వంట చేస్తుండాది."