పరాయి వంటింట్లో పిడికెడు బియ్యం

క్రీస్తునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, సాక్ష్యం రాసివ్వమని పాస్టరుగారు నన్ను మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ తప్పించుకున్నాను, ఎందుకంటే నా సాక్ష్యంలో చావుబతుకుల జబ్బు లేదు, సారా సీసా లేదు, ఉన్నదల్లా నా నోరు. మా ఏక్‌బాల్‌పూర్ బస్తీ తెలుగువాళ్లకు ఆ నోటి సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. తెలియనివారు ఎవరైనా ఈ పత్రిక చదువుతుంటే వారికోసం రాస్తున్నాను.

మా తాతగారు శ్రీకాకుళం జిల్లా నుంచి కలకత్తా కార్పొరేషన్ పనికి వచ్చినవారు, నేను ఈ బస్తీలోనే పుట్టి ఈ బస్తీలోనే పెళ్లాడి ఒక నర్సింగ్ హోములో ఆయాగా చేరాను. మా ఆయన షాలిమార్ గూడ్స్ యార్డులో మూటలు మోసేవారు. పని లేని రోజున కూడా ఆయన యార్డుకే వెళ్లి కూర్చునేవారని చాలాకాలానికి తెలిసింది, ఇంట్లో నా గొంతుకంటే అక్కడి ఇంజన్ల మోతే నయమని! అప్పట్లో అది విని ఆయనతో వారం రోజులు దెబ్బలాడాను, ఇప్పుడు తలుచుకుంటే ఆ మనిషి ఓర్పుకు జాలేస్తుంది.

ఒక వర్షాకాలం వ్యాగన్‌లోంచి మూటల దొంతర జారి ఆయన మోకాలిమీద పడింది. డాక్టర్లు మనిషిని నిలబెట్టారు గాని ఇక మూట ఎత్తడం కుదరదన్నారు. ఇద్దరు ఆడపిల్లలు, ఇంట్లో పనిచేసే చేతులు నావి రెండే. సరిగ్గా అలాంటప్పుడే నర్సింగ్ హోములో ఒక పేషెంటు తాలూకు ఫ్లాస్కు కనబడలేదు, మాట్రన్ దీదీ నావైపు చూసి అడిగింది, అడిగిందంతే, నేను తీశానని కూడా అనలేదు, దానికే నేను తెలుగులోనూ హిందీలోనూ బెంగాలీలోనూ ఆమె ఏడుతరాలనూ కడిగి ఆరేశాను. సాయంత్రానికి ఫ్లాస్కు పక్క వార్డులో దొరికింది, నా ఉద్యోగం మాత్రం దొరకలేదు. దొంగతనం లేదని తేలినా నోరు ఉందని తేలిపోయింది. ఆయాలను పంపే సెంటర్లన్నిటికీ నా పేరు పాకింది, ఏ గుమ్మం ఎక్కినా ఖాళీ లేదన్నారు.

మా పాస్టరమ్మగారు పెద్దావిడ, ముఖంమీద చెప్పగల మనిషి. నేను ఆమె దగ్గర కూర్చుని లోకాన్నంతా తిడుతుంటే కాసేపు విని, "ఓలె సుగుణా, నీ సేతులు బంగారవే. నోరే నీకు శత్రువు. నోటితో పనిలేని ఉజ్జోగం ఒకటియ్యమని దేవుణ్ణి అడగరాదేటే?" అన్నారు. నాకు కోపం వచ్చింది. కోపంతోనే ఇంటికి వచ్చి, వెక్కిరింపుగానే మోకాళ్లూని, "తండ్రీ, పాస్టరమ్మ చెప్పింది గనక అడుగుతున్నాను, నోరు అక్కర్లేని పని నీ దగ్గర ఏదైనా ఉంటే చూపించు, ఆమేన్" అని ప్రార్థించాను. సహోదరులారా, వెక్కిరింపుగా అడిగినదాన్ని కూడా ఆయన వింటాడు, జాగ్రత్త!

రెండు వారాలకు మన సంఘంలోని దానియేలన్నయ్య వచ్చాడు. ఆయన అప్పట్లో ఓడల డాక్‌లో క్రేన్లు బిగించడానికి వచ్చిన ఒక స్పెయిన్ దేశపు ఇంజనీరు దగ్గర డ్రైవరు. ఆ ఇంజనీరుగారి తల్లికి తన దేశంలో పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట కూడా పోయింది, ఆమెను చూసుకునే ఇంజనీరుగారి చెల్లెలు బట్టల కొట్లో పనిచేస్తుంది, పగలంతా దగ్గరుండే ఆయా కావాలి. ఇక్కడి నలుగురు ఆయాలను అడిగారట, భాష తెలియని చోటికి మేము వెళ్లమని నలుగురూ చేతులెత్తేశారట.

"ఆ దేశంలో ఇంగిలీసు కూడా మాటాడరట సెల్లెమ్మా. నువ్వెళ్లి ఏటి మాటాడతావు?" అన్నాడు దానియేలన్నయ్య.

"ఏటీ మాటాడను. అదే కావాలి," అన్నాను.

ఇంజనీరుగారు నన్ను ఏమీ అడగలేదు, అడిగినా నాకు అర్థం కాదు, మంచం చూపించారు. నేను దానియేలన్నయ్యను ఆ మంచంమీద పడుకోబెట్టి, పక్షవాతం వచ్చినవారిని నొప్పి తెలియకుండా ఎలా పక్కకు తిప్పాలో, కింద దుప్పటి ఎలా మార్చాలో చేసి చూపించాను. అన్నయ్య సిగ్గుతో కళ్లు మూసుకున్నాడు, పేషెంటుగా బాగా నప్పాడు. ఉద్యోగం ఖాయమైంది. కాగితాలన్నీ ఇంజనీరుగారే చూసుకున్నారు.

బస్తీలో అందరూ వద్దన్నారు. మా ఆయన మాత్రం గుమ్మంలో కర్ర పక్కన పెట్టుకుని కూర్చుని, "ఎల్లు సుగుణా. పిల్లల్ని నాను సూసుకుంటాను. అక్కడైనా నీకు కాసింత నెమ్మది ఉంటాది," అన్నారు. నాకు నెమ్మది కావాలని ఆ మనిషి అనుకోవడం నన్ను దారంతా ఏడిపించింది. ప్రయాణం రోజున బంద్ అనడంతో ముందురోజు సాయంత్రమే దమ్‌దమ్ చేరి విమానాశ్రయంలో కూర్చున్నాను.

ఆ ఊరు వలెన్సియా, సముద్రం పక్కన. పెద్దావిడ పేరు అంపారో, కూతురి పేరు పిలార్. మొదటి నెల నేను ఊరికే ఉండలేదు, అలవాటు ప్రకారం తిట్టాను. చల్లారిన సూపు పెట్టినందుకు తిట్టాను, కిటికీ తెరిచినందుకు తిట్టాను, పిలార్ నవ్వి తన భాషలో థాంక్స్ చెప్పేది. తగలని తిట్టు ఎంత దండగో నాకు అక్కడ తెలిసింది. నోరు తనంతట తానే నెమ్మదించింది. చేతి సైగలతో పని నడిచేది, పెద్దావిడ ఎడమచెయ్యి ఎత్తితే నీళ్లు, తల తిప్పితే చాలు అని. నేను వంట చేస్తుంటే ఆమెను చక్రాల కుర్చీలో వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టేదాన్ని. నేను తెలుగులో మాట్లాడేదాన్ని, ఆమె వినేది, ఎదురు చెప్పేది కాదు. అంత మంచి సహవాసం నాకు పుట్టి బుద్ధెరిగాక దొరకలేదు.

ఇక నా తప్పు చెబుతాను. ఆ ఊళ్లో అన్నం వండుకుంటారు, కూరలూ మాంసమూ వేసి వెడల్పాటి పెనంలో. మనవాళ్ల అలవాటు మీకు తెలిసిందే, పొయ్యిమీదికి బియ్యం తీసినప్పుడల్లా ముందుగా ఒక పిడికెడు దేవుని డబ్బాలో వేసి, ఆదివారం గుడికి తీసుకెళ్లి ఇస్తాం. మా అమ్మ చేసింది, నేను చేశాను, చేతికి అది శ్వాసలాంటిది. అక్కడా అలాగే చేశాను. కొంగు తలమీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, మా ఆయననూ పిల్లలనూ తలుచుకుని, పిడికెడు తీసి ఖాళీ బిస్కెట్ల డబ్బాలో వేసేదాన్ని. తీసుకెళ్లి ఇవ్వడానికి అక్కడ మన గుడి లేదు. డబ్బా నిండితే ఒక పాత దిండు గలేబులో పోశాను. అదీ ఇదీ నా మంచం కింద పెట్టాను. ఎప్పుడో ఒకనాడు దేవుడే దారి చూపిస్తాడనుకున్నాను. ఇందులో తప్పుందన్న ఆలోచనే నాకు రాలేదు.

చలికాలం వచ్చింది. అదనపు దుప్పటికోసం పిలార్ నా మంచం కింద వెతికింది. డబ్బా దొరికింది, గలేబు దొరికింది. వాటిని తెచ్చి భోజనాల బల్లమీద పెట్టి నావైపు చూసింది. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది. ఆ చూపు మాట్రన్ దీదీ చూపే! నేను నోరు తెరిచి చేతులు పైకి చూపించి ఏదో చెప్పబోయాను, ఆమె తల అడ్డంగా ఊపింది. బియ్యం బీరువాకు తాళం వేసి అన్నగారికి ఫోను చేసింది.

ఇంజనీరుగారు అప్పటికి కలకత్తా పని ముగించి తిరిగి వచ్చేశారు, వేరే ఊళ్లో ఉంటున్నారు. ఆయన రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నేను పెద్దావిడకు ఒళ్లు తుడిచాను, తినిపించాను, లోపల దేవునితో దెబ్బలాడాను. నీకోసం తీసిందే కదా, నన్ను దొంగను చేసి పంపుతావా, ఒకసారి దొంగ అనిపించుకుని వచ్చినదానికి రెండోసారి కలకత్తాలో ఎవరు పని ఇస్తారు, కుంటికాలితో ఆయన నా పిల్లలకు ఏం పెడతాడు అని అడిగాను. జవాబు రాలేదు. బదులుగా ఒక ప్రశ్న వచ్చి కూర్చుంది: ఆ బియ్యం ఎవరివి? అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నేను పిలార్ బియ్యం దేవునికి ఇచ్చి పుణ్యం నా ఖాతాలో వేసుకున్నాను! ఈ సంగతి అంత దూరం వెళ్లేదాకా నాకు తట్టలేదు.

శనివారం పొద్దున ఇంజనీరుగారు వచ్చారు. నేను వచ్చేశాక డాక్‌లో కూలీల దగ్గర నేర్చుకున్న నాలుగు హిందీ ముక్కలు ఆయనకు ఉన్నాయి. బల్లమీది డబ్బా చూపించి, "చావల్ క్యోం లియా?" అని అడిగారు. బియ్యం ఎందుకు తీశావని. ఇన్ని నెలల తర్వాత నాకు తెలిసిన భాషలో ఒక మనిషి నన్ను నిలదీశాడు! ఆగిపోయిన మాటలన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి, నీ తల్లి మలమూత్రాలు ఎత్తినదాన్ని పట్టుకుని గుప్పెడు బియ్యానికి అడుగుతావా అని నాలుక చివరిదాకా వచ్చేసింది. నేను కళ్లు మూసుకుని, "తండ్రీ, ఈ ఒక్క పూటకు నా నోరు నువ్వు పట్టుకో" అన్నాను. కళ్లు తెరిచి, "గల్తీ హమారా హై సాహెబ్. బినా పూఛే లియా," అన్నాను. తప్పు నాదే, అడగకుండా తీశానని. సహోదరులారా, నలభై ఏళ్ల బతుకులో నేను తప్పు నాదని అనడం అదే మొదలు.

దేవునికోసమని కూడా చెప్పాను గాని ఆ ముక్క ఆయనకు అందలేదు. ఒప్పుకుంది కదా అన్నట్టు చెల్లెలివైపు చూశారు. ఇద్దరూ మాట్లాడుకున్నారు. సోమవారం విమానం అని నాకు వేళ్లతో చూపించారు. నేను సరేనని తలూపి బట్టలు సర్దుకోవడానికి లేచాను.

అప్పుడు వెనకనుంచి చప్పుడైంది. పెద్దావిడ ఎడమచేత్తో కుర్చీ చెయ్యిమీద కొడుతున్నారు. నీళ్లకేమోనని వెళ్లాను, కాదు. కుర్చీని బల్ల దగ్గరికి తోయమన్నట్టు చూశారు. తోశాను. ఆమె ఆ ఎడమచేత్తోనే, ఎంతో కష్టంమీద, భుజాన ఉన్న శాలువాను తలమీదికి లాక్కున్నారు. కళ్లు మూసుకున్నారు. మాట రాని పెదవులు కదిలించారు, అచ్చం నేను కదిలించినట్టే. గలేబులోంచి పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేశారు. సగం బల్లమీద ఒలికాయి. కళ్లు తెరిచి, కొడుకువైపు చూసి, కూతురివైపు చూసి, నన్ను వేలితో చూపించారు. ఎవరూ కదలకపోతే మళ్లీ మొదటినుంచి చేశారు, శాలువా జారింది గనక మళ్లీ లాక్కున్నారు!

ఇన్నాళ్లూ ఆ గుమ్మంలో కూర్చుని ఆమె చూస్తున్నదని నాకు తెలుసు. ఏం చూస్తున్నదో నేనెప్పుడూ ఆలోచించలేదు. జబ్బు పడ్డాక తల్లి తనంతట తాను ఒక పని చేయడం ఆ పిల్లలు అదే మొదటిసారి చూడటం. పిలార్ నేలమీద కూలబడి తల్లి ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. తర్వాత లేచి వచ్చి, బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టి, నా చెయ్యి వదలకుండా చాలాసేపు నిలబడింది. సోమవారం విమానం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మర్నాడు ఆదివారం పిలార్ ఆ బియ్యాన్ని తమ గుడిలో పేదలకు వండిపెట్టేచోట ఇచ్చింది, నన్ను కూడా తీసుకెళ్లింది. ఆనాటినుంచి నా జీతంతో విడిగా బియ్యం కొనుక్కుని అందులోంచే పిడికెడు తీశాను.

అంపారో అమ్మగారి దగ్గర నాలుగేళ్లు ఉన్నాను. ఒక మధ్యాహ్నం నేను ఒళ్లు తుడుస్తుండగానే ఆమె కన్నుమూశారు. నాకు తల్లి రెండోసారి పోయినట్టయింది. పిల్లల చదువులు అప్పటికి గట్టెక్కాయి, నేను తిరిగి వచ్చేశాను. నా నోరు పూర్తిగా బాగుపడిందని అబద్ధం చెప్పను, కుళాయి దగ్గర ఇప్పటికీ అప్పుడప్పుడు జారుతుంది, కాని తప్పు నాదని అనడం వచ్చింది. ఆ మాట వచ్చాక తక్కిన మాటలు చాలావరకు అక్కర్లేకపోయాయి.

ప్రియులారా, చేయని నింద మోస్తున్నవారు మీలో ఉండవచ్చు, నాలాగా సగం నిజమైన నింద మోస్తున్నవారూ ఉండవచ్చు. మీ తప్పు ఎంతవరకో అంతవరకు ఒప్పుకోండి, మిగతాది ఆయనకు వదిలిపెట్టండి. మీ తరఫున చెప్పే మనిషిని ఆయన ఎక్కడ కూర్చోబెట్టి ఉంచాడో మీకు తెలియదు. నాకోసం మాట పడిపోయిన ఒక ముసలావిడను పిలిచి నిలబెట్టాడు. నేను ఇన్ని కాగితాలు నింపి రాసింది ఆమె ఒక్క మాటైనా లేకుండా చెప్పింది, అందరూ నమ్మారు. దేవునికే మహిమ.