కొంగల కఫీల్

నిన్న పార్కులో తడిగడ్డి మీద తెల్లకొంగను చూడగానే షార్జాలో మేమున్న పెరడు గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఏడేళ్లు. అమ్మ ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేది. వాళ్ల పెరట్లోనే మా గది, గది ముందు అమ్మ వేసిన గోంగూర మడి. ఒక చలికాలం పొద్దున ఆ మడి నిండా కొంగలు వాలాయి. గోదావరి పక్కనున్న మా ఊరి చేలల్లోంచే వచ్చాయనుకున్నాను.

ఆ ఇంటి పనివాళ్ల మీద అజమాయిషీ చేసే ముదీర్, ఒక హైదరాబాదీ, కర్ర పట్టుకొచ్చాడు.

"అంతా ఖరాబు చేస్తున్నయి. యల్లా, తరుము! ఈ మడి గూడ ఖలాస్!" అన్నాడు అమ్మతో.

మనకు పూచీపడే కఫీల్ లేకపోతే ఈ దేశం నుంచి పంపేస్తారని పెద్దవాళ్లు అనుకోగా విన్నాను. పరిగెత్తి మడికి అడ్డంగా నిలబడ్డాను.

"వీటికి కఫీల్ ఉన్నారు!"

"ఎవరు?"

"నేనే!"

అమ్మ నన్ను లాగేస్తుందనుకున్నాను. పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది.

"ఆటిని తోలనండి. మడీ పీకనండి," అంది.

ముదీర్ మా ఇద్దరినీ కాసేపు చూసి, గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. కొంగలు ఎండెక్కేదాకా పురుగులు ఏరుకుతిన్నాయి.

అవి మా ఊరివి కావని తర్వాత తెలిసింది. ఆ ముదీర్ ఒక్క మాట చెబితే మమ్మల్నే పంపేసేవారని ఇంకా ఆలస్యంగా తెలిసింది. అమ్మకు మాత్రం ఆ పొద్దునే తెలుసు.